గడువు దాటాక వచ్చే ఉపన్యాసం

ఆవిడ బోర్డు మీద 100 అని రాశారు. దాని పక్కన 115. ఆ పక్కన 132, 152, 175. చివర 201 అని రాసి సుద్దముక్క బల్ల మీద పెట్టారు. "ఏటా పదిహేను శాతమే కదా అనుకుంటాం. అయిదేళ్లు వరసగా పెరిగితే పన్ను రెట్టింపు దాటుతుంది" అన్నారు. చివరి వరసలో కూర్చున్న ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి మడతలు పడిన ఇంటి పన్ను నోటీసు తీసి, దాని వెనకవైపు ఆ ఆరు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసుకున్నారు.

గుంటూరు, విజయవాడల చుట్టుపక్కల ఉన్న విశ్వవిద్యాలయాల్లో ఒకదానిలో 2022లో జరిగిన బహిరంగోపన్యాసం అది. విషయం పట్టణ స్థానిక సంస్థల ఆదాయ వనరులు. మొదటి నలభై నిమిషాలు ఇంగ్లీషులో సాగింది. విద్యార్థులు హాజరు పట్టీలో సంతకం పెట్టి ఫోన్లు చూసుకుంటున్నారు. బయటి నుంచి వచ్చిన మా బోటివాళ్లం పదిహేను మందిమి ఉంటాం. బోర్డు లెక్క దగ్గరికి వచ్చేసరికి వక్త తనంతట తానే తెలుగులోకి మారారు. అప్పుడు హాలు మేలుకుంది. తలలు పైకి లేచాయి, పెన్నులు కదిలాయి. ఆ తరవాతి ఇరవై నిమిషాల్లో నేను నేర్చుకున్నది అంతకు ముందు ఏడాదంతా పత్రికలు చదివి కూడా నేర్చుకోలేదు.

ఇంటికి వస్తూ బస్సులో నన్ను పట్టి పీడించిన ఆలోచన ఒక్కటే. ఈ ఉపన్యాసం ఏడాది ముందు ఎందుకు జరగలేదు? పన్ను రేట్ల ముసాయిదా మీద అభ్యంతరాలు చెప్పుకొనే గడువు అప్పటికి ఎప్పుడో దాటిపోయింది. ఉపన్యాసం బాగుంది, వక్త నిజాయితీగా చెప్పారు, కానీ వినేవాళ్ల చేతిలో చేయడానికి ఏమీ మిగలలేదు. విశ్వవిద్యాలయాల్లో పౌర సమస్యల మీద, ప్రభుత్వ విధానాల మీద జరిగే ఉపన్యాసాలకు మన దగ్గర ఉన్న అసలు చిక్కు ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. అది ఎక్కడ పడిందో చూడాలంటే ముందు ఆ పన్ను సంగతే కొంచెం విప్పి చూడాలి.

2020 దాకా మన పట్టణాల్లో ఇంటి పన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ. ఇల్లు అద్దెకు ఇస్తే ఏడాదికి ఎంత వస్తుందో అంచనా కట్టి దాని మీద పన్ను వేసేవారు. 2020 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం పురపాలక చట్టాలను సవరించి ఆ ఆధారాన్ని మూలధన విలువకు మార్చింది. అంటే రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకాల ప్రకారం స్థలం విలువ, దాని మీది కట్టడం విలువ కలిపి ఆస్తి ఖరీదు ఎంతో చూసి, అందులో ఇంత శాతమని పన్ను కడతారు. నివాస గృహాలకు 0.10 నుంచి 0.50 శాతం, మిగతా కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం. ఆ హద్దుల మధ్య తమ ఊరికి ఎంత అన్నది పురపాలక సంఘం తేల్చుకోవాలి. పాత పన్ను మీద పెంపు ఏటా 15 శాతం దాటకూడదు. 375 చదరపు అడుగుల లోపు సొంత ఇంట్లో ఉండేవారికి ఏడాదికి 50 రూపాయలే.

ఉదాహరణకు ఒక ఇంటి విలువ 30 లక్షలు, ఆ ఊళ్లో రేటు 0.13 శాతం అనుకుందాం. కొత్త లెక్కన పన్ను 3,900 రూపాయలు. పాత పన్ను 2,000 అయితే ఒకేసారి 3,900 అడగరు. మొదటి ఏడాది 2,300, రెండో ఏడాది 2,645, మూడో ఏడాది 3,042, ఇలా మెట్టు మెట్టుగా ఎక్కి అయిదో ఏటికి 3,900 దగ్గర ఆగుతుంది. మొదటి ఏడాది నోటీసు చూసినవారు మూడు వందలే కదా పెరిగింది అనుకుంటారు. మెట్లన్నీ కలిపి చూపించేవారు ఉండరు. ఆవిడ బోర్డు మీద చేసిన పని అదే.

మరి ఈ మార్పు 2020లోనే ఎందుకు వచ్చింది? ఇక్కడే ఉపన్యాసం విలువ తెలుస్తుంది. కరోనా రోజుల్లో, 2020 మే నెలలో, రాష్ట్రాలు చేసుకోగల అప్పు పరిమితిని కేంద్రం రాష్ట్ర స్థూలోత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచింది. అయితే అందులో కొంత భాగానికి నాలుగు షరతులు పెట్టింది. రేషన్ కార్డు దేశమంతటా చెల్లేలా చేయడం, వ్యాపార అనుమతులను సులువు చేయడం, విద్యుత్ పంపిణీ సంస్కరణలు, పట్టణ స్థానిక సంస్థల సంస్కరణలు. ఒక్కో షరతు నెరవేరిస్తే 0.25 శాతం అదనపు అప్పుకు అనుమతి. పట్టణ సంస్కరణ అంటే ఆస్తి పన్ను కనీస రేట్లను రిజిస్ట్రేషన్ విలువలతో ముడిపెట్టడం, నీటికీ మురుగు పారుదలకూ వాడుక రుసుములు నిర్ణయించడం. ఈ షరతును దేశంలో మొదట పూర్తి చేసిన రెండు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. మనకు దక్కిన అదనపు అప్పు అనుమతి 2,525 కోట్ల రూపాయలు. పట్టణాలకు ఇచ్చే గ్రాంట్లకు పదిహేనో ఆర్థిక సంఘం కూడా ఇలాంటి షరతే పెట్టింది.

అంటే గుంటూరు కొత్తపేటలో ఒక ఇంటి గుమ్మానికి వచ్చిన నోటీసు మూలం ఢిల్లీలో మార్చిన ఒక అప్పు పరిమితిలో ఉంది. ఈ గొలుసులో ఒక్కో కొస ఒక్కొక్కరి చేతిలో ఉంటుంది. నోటీసు తెచ్చిన వార్డు సచివాలయ ఉద్యోగికి రేటు తెలుసు, ఎందుకో తెలియదు. అధికార పార్టీ వారు 15 శాతం పరిమితి గురించే చెబుతారు. ప్రతిపక్షం వారు పెంపు గురించే చెబుతారు. పత్రికలో ఆ రోజు జరిగిన ధర్నా వస్తుంది. గొలుసును మొదటి నుంచి చివరి దాకా ఒకచోట పరిచి, పాత పద్ధతిలో ఉన్న లోపం ఇదీ, కొత్త పద్ధతిలో ఉన్న ఇబ్బంది ఇదీ అని చెప్పగలిగిన చోటు విశ్వవిద్యాలయం.

పాత పద్ధతిలో నిజంగానే లోపం ఉంది. అద్దె అంచనా అధికారి చేతిలో ఉండేది. పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్లకు పొంతన లేని పన్నులు పడేవి. కొత్త పద్ధతిలోని ఇబ్బంది వేరు. పింఛను మీద బతికే మనిషి నలభై ఏళ్ల కిందట కొన్న స్థలానికి ఇవాళ రికార్డులో ధర పెరగవచ్చు. దానివల్ల ఆ మనిషి రాబడి ఒక్క రూపాయి పెరగదు. పన్ను మాత్రం పెరిగిన ధరను చూసి వస్తుంది. రాజధాని వార్తల వల్ల భూముల ధరలు కదిలిన మన ప్రాంతంలో ఇది ఊహకు అందని సంగతేమీ కాదు. ఇందులో ఏది న్యాయమో నేను తేల్చి చెప్పలేను. కానీ తేల్చుకోవలసిన ప్రశ్న అదేనని నాకు తెలిసింది ఆ హాలులోనే.

ఇంటి పన్ను మీద ఊరు ఊరంతా మాట్లాడుకున్న చరిత్ర మనకు ఉంది. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న చీరాల, పేరాలలను 1919లో పురపాలక సంఘంగా మార్చినప్పుడు, ఆ పన్నులు మోయలేమని జనం 1921లో ఇళ్లు వదిలి ఊరి బయట గుడిసెలు వేసుకుని సుమారు 11 నెలలు ఉన్నారు. ఆ ఉద్యమానికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన ఆయుధం ఉపన్యాసమే. పన్ను అంటే ఏమిటో, ఎవరు వేస్తారో, ఎవరికి చెందుతుందో నేత పనివాళ్లకూ రైతులకూ అర్థమయ్యే మాటల్లో చెప్పిన మనిషి ఆయన.

బెజవాడలో 1911లో పుట్టిన రామమోహన గ్రంథాలయం పుస్తకాల కొట్టుగా మిగిలిపోలేదు, సభలకు నెలవైంది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం రూపుదిద్దుకున్నదీ ఈ ఊళ్లోనే. 1930లలో గుంటూరు జిల్లా కాలువల మీద పుస్తకాలు పడవల్లో తిరిగాయి. ఆ దశకంలోనే ఎన్.జి.రంగా నిడుబ్రోలులో రైతులకు రాజకీయ, ఆర్థిక పాఠాలు చెప్పే విద్యాలయం నడిపారు. 1937లో కొత్తపట్నంలో పెట్టిన వేసవి రాజకీయ పాఠశాలను ప్రభుత్వం నిషేధించి, పోలీసులతో చెదరగొట్టించింది. అర్థశాస్త్రం పాఠం వింటున్న కుర్రాళ్లను చూసి ప్రభుత్వం భయపడిందంటే, ఆ పాఠం జనానికి అవసరమైన వేళకు చేరిందన్నమాట. ఇక విశ్వవిద్యాలయం సంగతి. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మొదలైంది కూడా బెజవాడలోనే, తరవాతే వాల్తేరుకు వెళ్లింది. గుంటూరు, విజయవాడల మధ్య నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో వచ్చింది. 1911 నుంచి అప్పటిదాకా గడిచిన అరవై అయిదేళ్లలో ఇక్కడ ఎక్కువగా బహిరంగ విద్యను మోసినవి గ్రంథాలయాలు, కళాశాలలు, సంఘాలు, పార్టీలు.

విశ్వవిద్యాలయంలో ఇలాంటి ఉపన్యాసం ఎలా పుడుతుందో బయటివారికి అంతగా తెలియదు. చాలావాటికి మూలం ధర్మనిధి. ఒక కుటుంబమో పూర్వ విద్యార్థులో తమవారి పేరు నిలవాలని కొంత సొమ్ము విశ్వవిద్యాలయానికి ఇస్తారు. ఆ సొమ్మును బ్యాంకులో వేసి, ఏటా వచ్చే వడ్డీతో ఉపన్యాసం పెట్టిస్తారు. విషయం ఏ పరిధిలో ఉండాలో, వక్త ఎలాంటివారై ఉండాలో దాత పత్రంలో రాసి ఉంటుంది. మిగిలినది శాఖ చేతిలో ఉంటుంది. సొమ్ము ఇచ్చినప్పటి వడ్డీ ఇప్పుడు వక్త దారి ఖర్చుకు కూడా చాలదు. అందుకే కొన్ని ధర్మనిధులు కాగితం మీద బతికి ఉండి, ఏళ్ల తరబడి మౌనంగా ఉంటాయి.

దాత పత్రం ఎలా రాయాలో కలకత్తాలో 150 ఏళ్ల కిందటే ఒకాయన చూపించారు. 1868లో ప్రసన్నకుమార్ ఠాకూర్ తన వీలునామాతో కలకత్తా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఉపన్యాసాలకు సొమ్ము ఏర్పాటు చేశారు. ఉపన్యాసాలను అచ్చు వేయాలని, కనీసం 500 ప్రతులు ఉచితంగా పంచాలని కూడా రాశారు. మాట హాలులోనే ఆగిపోకూడదని ఆయనకు ముందే తెలుసు. మన దగ్గర శిలాఫలకానికీ జ్ఞాపికకూ ఖర్చు ఉంటుంది, అచ్చుకు ఉండదు.

వేళ విషయానికి వస్తే నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది పుణె. 1939 జనవరి 29న అంబేద్కర్ అక్కడ గోఖలే సంస్థ తరఫున కాలే స్మారకోపన్యాసం ఇచ్చారు. విషయం బ్రిటిష్ వారి 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రతిపాదించిన సమాఖ్య. సంస్థానాలు అందులో ఏ షరతుల మీద చేరతాయి, ప్రజలకు స్వేచ్ఛ పెరుగుతుందా తగ్గుతుందా అని ఆయన ఆ చట్టం నిబంధనలు పట్టుకుని చీల్చి చూపారు. అప్పటికి ఆ సమాఖ్య ఇంకా అమలులోకి రాలేదు, చివరికి రానే లేదు. నిర్ణయం తేలకముందు మాట్లాడారు, పుస్తకంగా వేశారు. జరిగిపోయినదాని మీద పరామర్శ చేయడానికి ఆయన అక్కడికి వెళ్లలేదు.

మన ఉపన్యాసాల తేదీలు ఎలా నిర్ణయమవుతాయి? దాత తండ్రిగారి వర్ధంతి చూస్తారు, వక్తకు ఖాళీ చూస్తారు, పరీక్షలు లేని వారం చూస్తారు. ఇటీవల ఇంకొకటి చేరింది. బోధన, పరిశోధనలతో పాటు సమాజంలోకి విస్తరించడం కూడా విశ్వవిద్యాలయం బాధ్యతేనని విశ్వవిద్యాలయాలకు నిధులిచ్చే కేంద్ర సంఘం యూజీసీ 1977లోనే చెప్పింది. విద్యాసంస్థల నాణ్యతకు గుర్తింపునిచ్చే నాక్ మదింపులో కూడా విస్తరణకు చోటు ఉంది. అది మంచిదే. కానీ మదింపు నివేదికకు కావలసింది ఎన్ని కార్యక్రమాలు, ఎంతమంది హాజరు, ఫొటోలు. వచ్చినవారికి ఏమి తెలిసింది, తెలిసినదానితో వారు ఏమి చేశారు అన్న గడి అందులో లేదు. కాబట్టి మార్చి నెలలో కార్యక్రమాలు వరద కడతాయి. జ్యోతి ప్రజ్వలనకూ శాలువాలకూ అరగంట పోతుంది. ప్రశ్నల వేళకు భోజనం చల్లారిపోతుందని ఎవరో తొందర పెడతారు.

ముసాయిదాకు గడువు ఉన్నప్పుడు ఉపన్యాసం పెడితే ఏమి మారుతుంది? సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(సి) ప్రకారం, ప్రజలపై ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ అధికార సంస్థలు తామే ప్రకటించాలి. కేంద్ర ప్రభుత్వం 2014లో తెచ్చిన విధానం ప్రకారం చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలి. పర్యావరణ అనుమతి కావలసిన చాలా పరిశ్రమలకు 2006 నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, దానికి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. భూసేకరణకు 2013 చట్టంలో సామాజిక ప్రభావ అధ్యయనం ఉంది. తలుపులు చాలానే ఉన్నాయి. ఒక్కో తలుపు నెల రోజులు తెరిచి ఉంటుంది. ఆ నెలలో వందల పేజీల నివేదికను చదివి, అందులో తమ వీధికి, తమ చేనుకు సంబంధించిన పేరా ఏదో చెప్పగలవారు ఊళ్లో ఉండరు. విశ్వవిద్యాలయంలో ఉంటారు. ఆ నెలలో వారు మాట్లాడాలి.

ఉపన్యాసానికి చట్టబలం లేదు. వంద మంది చప్పట్లు కొట్టినా అది అభ్యంతరంగా నమోదు కాదు. ప్రజాభిప్రాయ సేకరణలో కలెక్టరు గానీ ఆయన ప్రతినిధి గానీ ముందు కూర్చుని రాయించుకున్న మాటే మినిట్స్‌లోకి ఎక్కుతుంది. అయితే అక్కడ మైకు అందుకున్న రైతు "మాకు వద్దు" అని మాత్రమే అంటే ఒక వాక్యం నమోదవుతుంది. "మీ నివేదికలో మా చెరువు లేదు, సర్వే నంబరు ఇదీ" అంటే దానికి జవాబు చెప్పవలసి వస్తుంది. ఆ రెండో వాక్యాన్ని తయారుచేసి ఇవ్వడమే ఉపన్యాసం పని.

2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు ఇది ఇంకా బాధగా తెలిసింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైందని విని, సింగ్‌నగర్ వాసుల్లో చాలామంది కృష్ణ ఊరి మీదకు వచ్చిందనుకున్నారు. వారి ఇళ్లలోకి వచ్చింది బుడమేరు. అది మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే ఏరు. వరద వచ్చినప్పుడు దాని నీటిని వెలగలేరు దగ్గర మళ్లింపు కాలువలోకి తిప్పి, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. కృష్ణే నిండుగా ఉంటే ఆ నీరు సాఫీగా పోలేదు. ఈసారి మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. ఇంత సంగతి చెప్పడానికి గోడ మీద ఒక పటం, పది నిమిషాల సమయం చాలు. వరద తగ్గాక ఈ విషయం మీద సదస్సులు జరిగాయి. వరదకు ముందు ఏ జూన్‌లోనో సింగ్‌నగర్‌లోనే ఆ పటం పెట్టి ఉంటే, ఏ వీధివారు సామాను మేడ మీదకు ఎక్కించుకోవాలో, ఎవరిని కాలువ గట్ల గురించి నిలదీయాలో వారికే తెలిసేది.

అందుకే ఉపన్యాసం ఎక్కడ జరుగుతుందన్నది కూడా చిన్న విషయం కాదు. రహదారి పక్కన, ఊరికి దూరంగా ఉన్న ప్రాంగణంలో, పనిదినం మధ్యాహ్నం మూడింటికి పెట్టే సభకు కూలి మానుకుని ఎవరు రాగలరు? గేటు దగ్గర "ఎవరి తాలూకు?" అని అడిగితే ఏమి చెప్పాలో తెలియక వెనుదిరిగినవారిని నేను చూశాను. ఆహ్వానపత్రంలో "అందరూ ఆహ్వానితులే" అని ఉన్నంత మాత్రాన అది బహిరంగం కాదు. ఊళ్లోని శాఖా గ్రంథాలయంలో సాయంత్రం ఆరున్నరకు పెడితే కొట్టు కట్టేసి వచ్చేవారు, బడి వదిలి వచ్చే టీచర్లు, ఇంటి పని ముగించిన ఆడవాళ్లు వస్తారు.

వివాదం వస్తుందన్న భయం కూడా ఉంది, దాన్ని దాచి లాభం లేదు. నడుస్తున్న విధానం మీద మాట్లాడితే ప్రభుత్వానికి వ్యతిరేకం అంటారేమోనని నిర్వాహకులు జంకుతారు. అందుకే "సుపరిపాలన: సవాళ్లు, అవకాశాలు" లాంటి పేర్లు వస్తాయి, ఏ ప్రభుత్వానికీ తగలకుండా, ఏ పౌరుడికీ పనికిరాకుండా. నన్ను అడిగితే జీవో నంబరు, తేదీ, గడువు పేరులోనే వేయాలి. దాన్ని రాసిన అధికారిని పిలిచి ఇరవై నిమిషాలు చెప్పమనాలి, లోపాలు చూసిన అధ్యాపకుడిని ఇరవై నిమిషాలు చెప్పమనాలి, మిగిలిన గంట జనానికి వదలాలి. అధికారికి కూడా అది మేలు. ధర్నాలో వినపడని ప్రశ్న అక్కడ వినపడుతుంది.

ఆ 2022 సభలో ప్రశ్నలకు మిగిలింది పది నిమిషాలు. నోటీసు వెనక అంకెలు రాసుకున్న పెద్దాయన చివర లేచారు. దర్జీ పని చేస్తారట.

"అమ్మా, మాది 390 అడుగులని రాశారు. వసారా కూడా కలిపి కొలిచారు. వసారా తీసేస్తే 375 లోపే ఉంటుంది. యాభై రూపాయలు కట్టే వరసలోకి వస్తామా రామా?"

వక్త వెంటనే జవాబు చెప్పలేదు. ఆ నోటీసు ఇమ్మని అడిగి, కళ్లద్దాలు సర్దుకుని రెండు వైపులా చదివారు.

"వసారా లెక్కలోకి వస్తుందో రాదో నియమాలు చూసి చెప్పాలి బాబాయి గారూ, ఊహించి చెప్పను. ముందు మీ ఇంటి కొలతల కాగితం నకలు కావాలని సమాచార హక్కు కింద అడగండి. తప్పు ఉంటే కమిషనరు గారికి రివిజన్ పిటిషన్ పెట్టుకోవచ్చు."

"దానికి ఆఖరు తేదీ ఎప్పుడమ్మా?"

ఆవిడ నోటీసును మళ్లీ తిప్పి, తేదీ చూసి, తల ఎత్తారు. అప్పటికే వందన సమర్పణకు మైకు అందుకున్నారు. ఆయన మాత్రం కూర్చోలేదు. నోటీసు కోసం చేయి చాపి, జవాబు వచ్చేదాకా అలాగే నిలబడ్డారు.